పసుపు రాసిన వాల్వు

నేను ఒక ఇత్తడి వాల్వును. మా చక్కెర ఫ్యాక్టరీ మళ్లీ నడుస్తుందన్న కబురు వచ్చిన పూట నా మీద ఒక బల్లి హాయిగా నిద్రపోతోంది. ఫిట్టరు కన్నబాబు పరుగున వచ్చి, దాన్ని తోలేసి, నన్ను లుంగీ అంచుతో తుడిచి, "మనకి పనొచ్చిందిరోయ్!" అన్నాడు. చుట్టూ మరో మనిషి లేడు. అంటే ఆ మాట నాతోనే అన్నాడు. సంతోషం పట్టలేకపోతే మనుషులు వాల్వులతో కూడా మాట్లాడతారు.

నేను పుట్టింది విజయవాడ ఆటోనగర్‌లో. కరిగిన ఇత్తడిని ఇసుక అచ్చులో పోసి, లేత్ మీద నున్నగా తిప్పి, కడుపులో ఒక స్ప్రింగు, నెత్తిన ఒక మర, మూతికి సన్నని జాలీ పెట్టారు. లారీ ఎక్కి అనకాపల్లి దాటి ఇక్కడికి వచ్చాను. గురువులు అనే పాత ఫిట్టరు నన్ను వాక్యూమ్ పంపు గొట్టం మీద బిగించాడు. తర్వాత జీడితోట చూసుకోవడానికి వెళ్లిపోతూ నన్ను కన్నబాబుకు అప్పగించాడు.

చెరకు పాకాన్ని మామూలుగా కాస్తే మాడి నల్లబడుతుంది. అందుకని మూసిన పెద్ద పాత్రలోంచి గాలి లాగేసి, తక్కువ వేడి మీద ఉడికిస్తారు. ఆ గాలి లాగేది పంపు. ఏమీ లేకుండా చేయడానికి అంత యంత్రమా అని మొదట్లో నవ్వుకునేదాన్ని. ఆ లాగడం మితిమీరితే పంపు కడుపులోని నీళ్లే బుడగలై దాని రెక్కల్ని కొరికేస్తాయి. అలాంటప్పుడు నేను మూతి తెరిచి కాస్త బయటి గాలి మింగుతాను. పంపు కుదుటపడుతుంది.

ఎప్పుడు మూతి తెరవాలో నాకు నేర్పేది కన్నబాబు. గొట్టాన్ని మెల్లగా మూస్తూ, గేజీ ముల్లు హద్దు చూపే ఎర్ర గీతను తాకే వేళకు నా నెత్తి మీది మరను కొంచెం కొంచెం తిప్పేవాడు. నేను "సుయ్" మనగానే ఆపి, పైన నట్టు బిగించేవాడు. ఆ సుయ్ వినడానికి చెవి నా దగ్గర పెట్టి కళ్లు మూసుకునేవాడు. ఆ ముఖం నాకు చాలా ఇష్టం.

ఫ్యాక్టరీ మూతపడ్డాక అతను ఆటో నడిపాడు. ఆటో నడుపుతూనే పెళ్లి చేసుకున్నాడు. ఇప్పుడు ఫ్యాక్టరీని లీజుకు తీసుకున్న కంపెనీ మేనేజరు ఒక్కటే మాట చెప్పాడు. ట్రయల్‌లో పంపు సరిగ్గా ఆడితే ఫిట్టరు ఉద్యోగం కన్నబాబుదే. ఆడకపోతే పట్నం నుంచి వేరే వాళ్లు వస్తారు.

ట్రయల్ రోజు తెల్లవారగానే వచ్చి నన్ను సరిచేశాడు. సుయ్ చక్కగా పలికింది. నట్టు బిగించి, "ఇంక నిన్ను ముట్టుకోనులే" అన్నాడు.

తర్వాత పూజ. ఆ రోజు ఇళ్లలోని ఆడవాళ్లను కూడా లోపలికి రానిచ్చారు. కన్నబాబు భార్య వరహాలు చేతినిండా గాజులతో వచ్చింది. పెళ్లినాటి పారాణి కాళ్లకింకా పూర్తిగా పోలేదు. కార్మికులు ఆటపట్టించారు.

"పెల్లికూతురు సెయ్యి పడాల! ఈ యేడు పంచదార మల్లెపూలనాగ వస్తాది!"

"పంచదార సంగతి తరవాత, కన్నబాబు మొకం సూడు, ఇప్పుడే పాకమైపోనాడు!"

వరహాలు సిగ్గుతో నవ్వుతూ పంపుకు బొట్టు పెట్టింది, మోటారుకు పెట్టింది. నన్ను చూసి ఆగింది.

"మావా, దీనికి మూతి కూడా ఉంది. సిన్నపిల్లడి మూతినాగుంది!"

కన్నబాబు అప్పటికే మేనేజరు పిలుపు విని పైన పాకం పాత్ర దగ్గరికి మెట్లెక్కుతున్నాడు. వరహాలు గడపకు రాసినట్టు నాకు దట్టంగా పసుపు రాసింది. మూతికి ఇంకొంచెం ఎక్కువ రాసి, మధ్యలో కుంకుమ అద్దింది. పుట్టి ఇన్నేళ్లకు నన్ను ముద్దు చేసిన మనిషి ఆమె ఒక్కతే. పంపుగది వేడికి ఆ పసుపు ముద్ద జాలీలోకి దిగి గట్టిపడింది.

పంపు తిరిగింది. ముల్లు ఎర్ర గీతను చేరింది, దాటింది. పైన మేనేజరు, "భలే లాగుతోందయ్యా!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కింద నా మూతి తెరుచుకోవడమైతే తెరుచుకుంది, గాలే లోపలికి రాలేదు. పంపులో గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడు మొదలైంది. అది విని కన్నబాబు మెట్లు దూకుతూ వచ్చాడు. స్విచ్చి అందేలోగా లోపల రెక్కొకటి ఫట్‌మని విరిగింది.

అతను నన్ను ఊడదీసి చూశాడు. జాలీనిండా పసుపు. మధ్యలో ఎర్రచుక్క. ఒక్క క్షణం అలాగే చూసి, బొటనవేలి గోటితో గీకి, తన లుంగీకి తుడిచేశాడు. వెనకే మేనేజరు వచ్చాడు.

"ఏమైందయ్యా?"

"నానేనండి. స్ప్రింగు ఎక్కువ బిగించీసాను."

"ఇన్నేళ్ల అనుభవం అన్నావే?"

మాట్లాడగలిగి ఉంటే నేను మాట్లాడేదాన్ని. మేనేజరు ఎవరికో ఫోన్ చేసి, పంపును తనంతట తానే అదుపు చేసే కొత్త మిషను పంపమన్నాడు. పట్నం మనుషుల్నీ పంపమన్నాడు. నన్ను చూపించి, "దాన్ని అవతల పారెయ్" అన్నాడు. కన్నబాబు నన్ను చొక్కా జేబులో వేసుకున్నాడు. అక్కడి నుంచి నాకు అతని గుండె చప్పుడు వినిపించింది. ఏ గేజీకీ అందని చప్పుడు అది.

గేటు దగ్గర వరహాలు అన్నం క్యారేజీతో నిలబడి ఉంది.

"పంపు ఆడిందా మావా?"

"ఆడింది. పాతదైపోనాది కదా, రెక్క ఇరిగిపోనాది. కొత్తది తెస్తారంట. నాకింక అక్కడ పని లేదు."

ఆమె గాజులు ఒక్కసారిగా చప్పుడు మానేశాయి. "నాను పసుపు సరిగ్గా రాయలేదేటి?"

"సక్కగా రాసినావు," అన్నాడు. క్యారేజీని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. "ఎల్లుండి నుంచి ఆటో తీస్తాను. రేపొక్కరోజు మనిద్దరిదీ. తొలి బస్సుకి భీమిలి ఎల్దాం, వరాలూ. సముద్రం సూద్దాం."