హైమ తాగే గ్లాసు

నేను ఒక స్టీలు గ్లాసును. నా పొట్ట మీద చుక్కలు చుక్కలుగా 'హైమావతి' అని చెక్కి ఉంటుంది. తెనాలి పాత్రల కొట్లో వాళ్లమ్మ కొట్టించిన పేరది. హైమతోపాటు సారెలో ఈ ఇంటికొచ్చి గ్లాసుల వరసలో కలిసిపోయాను. పొద్దున్నే హైమ నాతో కాఫీ తాగి, చివరి గుక్క కూతురు శ్రావ్యకు ఉంచేది. ఆ బుల్లి పెదవుల కోసమే నేను తయారయ్యాననుకునేదాన్ని.

హైమ రక్తంలో హెపటైటిస్ బి ఉందని తెలిసిన రోజే అత్తగారు నాగరత్నమ్మ నన్ను తీసి కిటికీలో పెట్టారు. మనదని చెప్పుకోవడానికి చెక్కించిన పేరు వేరు పెట్టడానికీ పనికొచ్చింది.

"అది మీ అమ్మది, ముట్టుకోమాక!" అనేవారు మనవరాలితో.

ఆవిడ చెడ్డమనిషి కాదు. రోజూ నేల ఉసిరి రసం తీసి నాలోనే పోసేవారు. కోడలి కనురెప్ప కిందికి లాగి చూసి "పచ్చదనం లేదు, తగ్గుద్దిలే" అనేవారు. అన్నం సయించకపోతే "ఇంక తగ్గదు" అని కళ్లొత్తుకునేవారు. ఆవిడ జోస్యం పూటకోరకంగా మారేది. డాక్టరమ్మ మాత్రం, మాత్రలు మొదలెట్టిన తొలి నెలల్లో వైరస్ ఎంత దిగిందో చూస్తే ముందుముందు మందు ఎలా పనిచేస్తుందో చాలావరకు చెప్పొచ్చంది. ఆ పరీక్ష కోసం ఇల్లంతా కాచుకుంది. కిటికీలో ఒంటరిగా నేనూ కాచుకున్నాను.

"బాగా దిగిందంట అత్తయ్యా! మాత్రలు మానకపోతే అదుపులోనే ఉంటదంట. గ్లాసుల వల్ల అంటుకోదని కూడా చెప్పింది."

"ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా ఆ మహాతల్లి?"

హైమ భర్త శివాజీ నసిగాడు. "మొదటిరోజే చెప్పిందమ్మా. నువ్వు వినవని నేనే..."

"నోర్ముయ్యి!"

నాగరత్నమ్మ నన్ను చింతపండుతో తోమి వరసలో పెట్టారు.

మర్నాడు హైమ చెయ్యి అలవాటుగా కిటికీ వైపే వెళ్లింది. తర్వాత వరసలోంచి నన్ను తీసుకుంది. కాఫీ తాగి, చివరి గుక్క ఉంచి కూతురి ముందు పట్టుకుంది.

శ్రావ్య చేతులు వెనక్కి దాచుకుంది. "అమ్మది. ముట్టుకోకూడదు."

నాగరత్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి గబగబా వచ్చారు. ఎవరి ఎంగిలీ ఎరగని మనిషి, కోడలి చేతిలోంచి నన్ను లాక్కుని, అంచుకు పెదవులానించి ఒక చుక్క తాగారు.

"చూశావా? ఇప్పుడు నువ్వు తాగు, మా అమ్మ కదూ!"

వెనకనుంచి ఒక చిన్న చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. నాలో గుక్కెడు కాఫీ చల్లారుతోంది. ఆ వేళ్లకీ నాకూ ఇంకా బెత్తెడు దూరం.