ఒడ్డున ఇరవై మూడో రోజు

నేను ఒక లీటరు స్టీలు చెంబుని. అనకాపల్లి దారిలో ఓ రేకుల షెడ్డులో పుట్టాను. పల్చటి రేకును అచ్చులో పెట్టి ఒత్తారు, అంచు మడిచారు, మెరుగు పెట్టారు. సత్యవేణి గృహప్రవేశానికి ఆమె అన్న నన్ను కొని, నా నడుం మీద తన పేరు చెక్కించి మరీ ఇచ్చాడు. ఇచ్చింది చెల్లెలికి, పేరు మాత్రం తనది. మనుషుల కానుకలు చాలావరకు అలాగే ఉంటాయి.

సత్యవేణి భర్త వాసుపల్లి దేముడు నేవీలో పనిచేసి రిటైరయ్యాడు. ఏళ్ల తరబడి ఇనుప ఓడల కడుపులో, ఇంజన్ల మోతలో గడిపినవాడికి గాలితో నడిచే పడవలో తిరగాలని ఒకటే కోరిక. పాత తెరచాప పడవ ఒకటి సంపాదించి, నవంబరులో భార్యను ఎక్కించుకుని విశాఖ నుంచి బయలుదేరాడు. వంటసామానుతో పాటు నేనూ ఎక్కాను.

ఆరున్నర నెలలు తిరిగాం. అండమాన్ దీవులు, అక్కణ్నుంచి శ్రీలంక, మళ్లీ మన తీరం వెంట పైకి. పడవలో మంచినీళ్లు నాతోనే కొలిచేవారు. మనిషికి రోజుకు మూడు చెంబులు. తాగడానికీ, వంటకీ, ఒళ్లు తుడుచుకోవడానికీ అంతే. మూడేసి గంటల వంతున ఒకరు చుక్కాని దగ్గర కూర్చుంటే మరొకరు నిద్రపోయేవారు. వంతు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు టీ పెట్టాలి. ఆ నియమం దేముడిదే. ఆశ్చర్యమేమిటంటే ఆయన దాన్ని పాటించాడు కూడా. మొదటి వారమంతా వాంతులతో పడి ఉన్న సత్యవేణి, రెండో నెలకల్లా చెంపకు తగిలే గాలిని బట్టి తెరచాప ఎప్పుడు దించాలో చెప్పేది.

శ్రీలంక ఇంకా రెండు రోజుల దూరం ఉందనగా తుఫాను పట్టుకుంది. అల విసురుకు దేముడు పడవ లోపలికి దిగే మెట్ల మీంచి పడి పక్కటెముక విరగ్గొట్టుకున్నాడు. నడుముకు తాడు కట్టుకుని పద్నాలుగు గంటలు సత్యవేణి ఒక్కతే చుక్కాని పట్టుకుంది. అరచేతులు బొబ్బలెక్కి పగిలాయి. నేను లోపల దేముడి తల పక్కన ఉన్నాను, ఆయన కక్కుకోవడానికి. అందుకే ఆ రోజు సంగతి నాకు బాగా తెలుసు.

మే చివర్లో ఒడ్డెక్కి, మూడో అంతస్తులోని ఇంటికి చేరాం. దేముడు రెండు రోజుల్లో మామూలైపోయాడు. పేపరు, టీవీ, బీచ్ రోడ్డులో స్నేహితులు. "సత్యా, టీ!" అన్న కేక కూడా తిరిగొచ్చింది. ఆమెకు మాత్రం నేల కుదరలేదు. నడుస్తూ నడుస్తూ గోడ పట్టుకునేది. స్నానానికి మూడు చెంబులకు మించి పోసుకునేది కాదు. మేడ మీద ట్యాంకు పొంగిన చప్పుడైతే కిందికి పరుగెత్తి మోటారు ఆపేది. మూడు గంటలు నిద్రపోయేసరికి ఉలిక్కిపడి లేచి, ఇప్పుడెవరి వంతో తెలియక మంచం అంచున కూర్చునేది. చూడవచ్చిన చుట్టాలు, "సముద్రంలో బట్టలెక్కడ ఆరేసీవోరు?" అని అడిగారు. ఆమె జవాబు మొదలుపెట్టేలోపే ఎవరిదో పెళ్లి కబురు ఎత్తుకున్నారు. మనిషి చిక్కిపోయింది. నన్ను పట్టుకునే చేతిలో బిగువు తగ్గింది.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం, దేముడి నేవీ స్నేహితుడు గౌరీసు భార్యతో సహా భోజనానికి వచ్చాడు. సత్యవేణి నా నిండా నీళ్లు పట్టి హాల్లోకి తెచ్చేసరికి దేముడు తుఫాను కథలో ఉన్నాడు.

"పద్నాలుగ్గంటల్రా! సుక్కాని ఒదిల్తే పడవ బోల్తాయే. నాను ఒదల్లేదు."

"మరి చెల్లెమ్మేటి సేసింది?" అన్నాడు గౌరీసు.

"దానికి బయ్యం. లోపల పడుకోమన్నాను."

ఆమె గ్లాసుల్లో నీళ్లు పోయలేదు. నన్ను బల్ల మీద పెట్టి అక్కడే నిలబడింది. గొంతులో కోపం కన్నా అలసటే ఎక్కువ.

"ఆ పద్నాలుగ్గంటలు కూడా మీకే కావాలేటండీ?" అంది.

గౌరీసు నవ్వబోయి ఆగాడు. దేముడు కంచంలో ఏదో కెలికాడు. స్నేహితుడి ముఖం చూడకుండానే చెప్పాడు.

"లేదురా. పక్కెముక ఇరిగి లోపల పడున్నది నాను. పడవని ఈవిడే తెచ్చింది. నన్నూ ఈవిడే తెచ్చింది."

గౌరీసు భార్య లేచి వచ్చి సత్యవేణి చేయి పట్టుకుంది. "అంతసేపూ ఒక్కర్తివీ ఎలగున్నావమ్మా?"

ఆ మాట ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు. సత్యవేణి కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. అన్నం చల్లారిపోయింది. దేముడు ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. తాను కక్కుకున్న సంగతి వచ్చినప్పుడు మాత్రం కిటికీలోంచి బయటికి చూశాడు.

వాళ్లు వెళ్లాక ఆమె గిన్నెలన్నీ ఎక్కడివక్కడ వదిలేసి చాప మీద ఒరిగింది. మూడు గంటలు గడిచాయి. నాలుగూ గడిచాయి. ఆమె లేవలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు విని, ఇస్త్రీ బట్టలతను బెల్లు కొట్టేలోపే దేముడు గబగబా తలుపు తీసి, "సత్యవేణి పడుకుంది, రేపు రా" అని గొంతు తగ్గించి చెప్పాడు. తర్వాత కుర్చీ తెచ్చుకుని తలుపు దగ్గరే కూర్చున్నాడు.

బల్ల మీద, ఎంగిలి కంచాల మధ్య నేనలాగే ఉండిపోయాను. ఆ పూట నన్నెవరూ తోమలేదు. తోమించుకోవాలని నాకూ అనిపించలేదు.