పదికి రెండు

నొప్పి పదికి ఎంత అని రోజూ ఉదయం నర్సు అడిగేది. రెండు అని చెప్పేవాణ్ణి. మంచం చివర వేలాడే అట్ట తీసి, దాని మీది కాగితంలో రెండు వేసుకుని వెళ్ళిపోయేది. వరసగా పద్నాలుగు గళ్ళలో రెండు. ఎందుకు అలా చెప్పానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. సున్నా అంటే నమ్మరు. మూడు దాటితే ఎవరో ఒకరు ఆగి, నాకోసం ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

"రెండేమిట్రా నీ మొహం!" అనేది అక్క. "నిద్రలో దిండు కొరుకుతున్నావు. పొద్దున్నే ఆవిడ రాగానే పెళ్ళికొడుకులా నవ్వుతావు."

అక్క డ్రైవింగు స్కూల్లో కారు నేర్పుతుంది. ఎవరితో మాట్లాడినా పక్క సీట్లో కూర్చుని బ్రేకు మీద కాలు పెట్టుకున్నట్టే మాట్లాడుతుంది. నాకు ఇంకెవరూ లేరు కాబట్టి, క్లాసులు మధ్యాహ్నానికి మార్చుకుని రాత్రీ పొద్దునా నా దగ్గరే ఉండేది.

నేను కళ్ళద్దాల దుకాణం వెనక గదిలో అద్దాలు అరగదీస్తాను. తిరిగే రాయికి గుండ్రటి అద్దాన్ని ఆనించి ఫ్రేము ఆకారానికి తెస్తాను. ఇరవై రెండేళ్ళలో నేను చూసినంతవరకు అద్దాలు పాడయ్యేది తొందరవల్ల కాదు, 'ఇంకొంచెం' వల్ల. ఒక పక్క ఇంకొంచెం తీస్తే రెండో పక్క వదులవుతుంది. అది సరిచేస్తే మొదటిది తేడా వస్తుంది. అలా సరిచేస్తూ పోతే చివరికి అద్దం ఫ్రేములో నిలవదు.

కుడి మోకాలి కింద బఠాణీ గింజంత కంతి ఉండేది. సర్జన్ అరగంటలో తీసేసి మూడు కుట్లు వేశాడు. సాయంత్రం నడిచే ఇంటికి వెళ్ళాను. నాలుగో రోజుకి కుట్ల చుట్టూ ఎర్రబడింది. ఆరో రోజుకి పుండు విచ్చుకుంది, ఆసుపత్రిలో చేర్చుకున్నారు. చీము పట్టిందని చెడిన భాగం కోసి శుభ్రం చేశారు. పుండు రెండింతలైంది. మళ్ళీ కోశారు. అరచేయంత అయింది. దాని అంచు ఊదా రంగులో, కింద బోలుగా, లోపలి నుంచి ఎవరో తవ్వుతున్నట్టు ఉండేది. చీమును మూడుసార్లు పరీక్షకు పంపారు. మూడుసార్లూ ఏ క్రిమీ లేదని వచ్చింది.

"దొరకలేదంటే లేదని కాదు," అన్నాడు సర్జన్. మందులు మార్చాడు.

నర్సుకు నలభై దాటాయి. పిల్లల కోసం పదకొండేళ్ళు పని మానేసి ఈ మధ్యే తిరిగి చేరింది. ఆసుపత్రిలో పదో రోజున నా ఎడమచేతికి సూది పెట్టబోతే రెండుసార్లు నరం తప్పింది. పెద్ద నర్సును పిలవాల్సి వచ్చింది. ఆవిడ నా కుడిచేతికి ఒక్కసారిలో పెట్టి, నర్సు వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

మర్నాటికి ఎడమచేతి మీద సూది దిగిన రెండు చోట్లా పొక్కులు లేచాయి. నర్సు చూసి గొంతు తగ్గించింది.

"ఇప్పటికే నా మీద ఒక కంప్లయింటు ఉందండీ. ఇంకోటి వస్తే పంపించేస్తారు."

"అబ్బే, ఇదెంత," అన్నాను. "నొప్పి కూడా లేదు."

నొప్పి ఉంది. ఆమె రోజూ తలుపు దగ్గరగా వేసి వాటికి కట్టు కట్టేది. నేను చలిగా ఉందని పొడుగు చేతుల చొక్కా వేసుకునేవాణ్ణి. రెండో రోజున కట్టు విప్పినప్పుడు ఆ పొక్కుల అంచు చూశాను. కాలి పుండు అంచు రంగే. అంచులు చూడటమే నా బతుకు. పొరపాటు పడే అవకాశం లేదు.

అయినా చెప్పలేదు. ఆమె మీద జాలి అనుకోవడం హాయిగా ఉండేది. జాలి కొంత నిజమే. కానీ ఎవరినీ ఇబ్బంది పెట్టనివాడని నాకో పేరుంది. దాన్ని కాపాడుకోవడం రెండో ఉద్యోగంలా చేస్తూ వచ్చాను. కట్టు కడుతూ ఆమె నావైపు చూసే చూపులో ఆ ఉద్యోగానికి జీతం ముట్టేది.

పదిహేనో రోజు ఉదయం, నర్సు ఇంకా కాగితంలో రెండు వెయ్యకముందే, సర్జన్ వచ్చాడు. కట్టు విప్పి చాలాసేపు చూశాడు.

"మోకాలి కింది నుంచి తీసేద్దాం. రేపు తొమ్మిదింటికి. ఆలస్యం చేస్తే మోకాలు కూడా దక్కదు."

"తీసేద్దామంటే? గోరా అది?" అంది అక్క.

సంతకం పెట్టమని కాగితం నా ఒళ్ళో పెట్టారు. అందులో కాలు అనే మాట నాలుగుసార్లు ఉంది. నాలుగోసారి చదివేటప్పుడు అది నాదని తెలిసింది. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటూ ఇక్కడిదాకా వచ్చారు. కలం పక్కన పెట్టి ఎడమచేతి చొక్కా పైకి మడిచాను.

"ఇదేంటి?" అన్నాడు సర్జన్.

నర్సు ట్రే పట్టుకుని నా వెనకే ఉంది. నిజం చెప్పాలనే చొక్కా మడిచాను. నోట్లోంచి వచ్చింది మాత్రం వేరు.

"దోమ కుట్టిందండీ. గీరుకున్నాను."

ఆయన ముఖం మారింది. "కాలికి దూరంగా, దానంతటదే లేచిందా? అయితే చీము రక్తంలోకి దిగింది. రేపటిదాకా ఆగలేం. మధ్యాహ్నానికే థియేటర్ సిద్ధం చేయించండి."

నా మంచితనం నా కాలికున్న గడువులో ఒక రోజు తగ్గించింది. దిద్దుకోవాలని తెలుసు. అయినా మడిచిన చొక్కా కిందికి దించుకున్నాను.

"దోమ కాదు సార్," అంది నర్సు. ట్రే కింద పెట్టింది. "నా సూది. రెండుసార్లు గుచ్చాను, రెండు చోట్లా లేచింది. నాలుగు రోజులుగా నేనే కట్టు కడుతున్నాను. ఎక్కడా రాయలేదు."

సర్జన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఎడమ అద్దం ఫ్రేములో వదులుగా కదిలింది. ఎవరో ఇంకొంచెం తీశారు. అలాంటి సమయంలో అది గమనించినందుకు నా మీద నాకే ఆశ్చర్యం వేసింది.

"చర్మం డాక్టరుని పిలవండి," అన్నాడు.

చర్మం డాక్టరు వచ్చి ముందు కాలు చూసింది, తర్వాత ఎడమచెయ్యి. కుడిచేతి ప్లాస్టరు ఎత్తింది. పెద్ద నర్సు ఒక్కసారిలో పెట్టిన సూది చుట్టూ కూడా చర్మం ఊదాగా ఉబ్బుతోంది.

"ఇది నరం తప్పిన సూది కాదు కదా? ఇక్కడా వస్తోంది. ఎవరు గుచ్చినా వస్తుంది." తర్వాత అట్ట తీసి చూసింది. "ఈ జబ్బులో పుండు నొప్పి ప్రాణం తోడేస్తుంది. ఇక్కడ అన్నీ రెండ్లే ఉన్నాయి. పది అని ఉంటే నన్ను వారం ముందే పిలిచేవాళ్ళు."

అక్క ఆ రెండ్లను వేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టింది. తిట్లకన్నా అది కష్టంగా ఉంది.

డాక్టరు మంచం అంచున కూర్చుంది. "గాయం కాగానే తెల్ల కణాలు పరుగెత్తుకొస్తాయి. పనయ్యాక ఇక చాలు అని చెప్పే ఏర్పాటు కూడా ఒంట్లోనే ఉంటుంది. మీలో ఆ చాలు అనేది సరిగ్గా పనిచెయ్యట్లేదు. క్రిమి లేకపోయినా అవి వచ్చి మీ చర్మాన్నే తినేస్తున్నాయి. కోసిన ప్రతిసారీ వాటికి కొత్త గాయం దొరుకుతోంది."

"అంటే బ్రేకు పడట్లేదు," అంది అక్క. సర్జన్ వైపు తిరిగింది. "మీరేమో యాక్సిలరేటరు తొక్కుతున్నారు."

"ఆ కణాలను అణిచే మందు ఇచ్చాక లోపల నిజంగానే క్రిమి ఉందని తేలితే? అప్పుడు మనిషే దక్కడు," అన్నాడు సర్జన్. అదీ నిజమేనని చర్మం డాక్టరు ఒప్పుకుంది. ముంజేతి మీద ఇప్పటిదాకా ఎవరూ తాకని చోట, కొత్త సూదితో గుచ్చి చూద్దామంది. రెండు రోజుల్లో అక్కడ పొక్కు లేస్తే మందు. లేవకపోతే కోత. కాలు మరీ పాడైతే ఆ లోపే కోత. సర్జన్ సరేనన్నాడు.

"మీరే గుచ్చండి," అంది నర్సుతో.

"నేనా? వద్దు మేడమ్, ఇంకెవరినైనా..."

"అక్కడ నరం అక్కర్లేదులేమ్మా, ధైర్యంగా గుచ్చు," అంది అక్క.

ఆమె ఆ చోటు రెండుసార్లు తుడిచింది. సూది సరిగ్గానే దిగింది.

మొదటి రోజు చుక్క తప్ప ఏమీ కనిపించలేదు. అక్క దుకాణం నుంచి నా భూతద్దం తెచ్చింది. వంతులవారీగా చూశాం. "వద్దన్నన్ని రోజులు పుట్టలు పుట్టలుగా వచ్చాయి. ఇప్పుడు బతిమాలుకుంటుంటే మొహం చాటేస్తున్నాయి," అని విసుక్కుంది. నా ఒంట్లోని ఆ తెలివితక్కువ కణాలను మొదటిసారి నావాళ్ళుగా తలుచుకున్నాను. రండి అనుకున్నాను. ఎవరినైనా రమ్మని అడిగి చాలా ఏళ్ళయింది.

రెండో రోజు ఉదయానికి చుక్క ఎర్రగా ఉబ్బి, మొనలో తెల్లటి చీము నిలిచింది.

"వచ్చిందిరా!" అని అక్క అరిచిన అరుపుకి వరండాలో వెళ్తున్నవాళ్ళు ఆగి, ఎవరొచ్చారా అని తొంగిచూశారు.

సర్జన్ వచ్చి భూతద్దంతో చూశాడు. బల్ల మీద సంతకం లేకుండా ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. మధ్యాహ్నం మందు మొదలైంది. కాలు నిలుస్తుందని, పుండు మానడానికి నెలలు పట్టొచ్చని చర్మం డాక్టరు చెప్పింది.

మర్నాడు ఉదయం నర్సు వచ్చింది. ఆమెను సంజాయిషీ రాయమన్నారట. రాసి ఇచ్చిందట. ఏమవుతుందో తెలియదంది. ఈ హడావిడిలో మూడు రోజులుగా ఏమీ రాయని అట్ట తీసుకుంది.

"పదికి ఎంత?"

కలం అప్పటికే గడిలో ఆని ఉంది. అలవాటుగా రెండు వెయ్యడానికి వంగింది.

"ఎనిమిది," అన్నాను.

తలెత్తి చూసింది. "ఎప్పటి నుంచి?"

"మొదటి రోజు నుంచి."

ఎనిమిది వేసింది. అట్ట మంచానికి తగిలించడం మరిచి, దాన్ని చేత్తో పట్టుకునే నొప్పి మందు తేవడానికి గబగబా వెళ్ళింది.