వేడెక్కితేనే పట్టే బ్రేకులు

మా ఆయన మోహనకృష్ణ రాజాంలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో మెకానికల్ చెబుతాడు. రాపిడి గురించి, బ్రేకుల గురించి బోర్డు నిండా లెక్కలు వేసి పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, పాపం తెలియక చేశాడని ఎవరూ ఆయన మీద జాలిపడకూడదు.

కిందటేడు విశాఖపట్నంలో ఎవరో అమ్ముతున్నారని రెండు తలుపుల ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. వెనక సీటంటూ ఒకటి ఉంది గానీ, అందులో కూర్చున్నవాళ్లు మోకాళ్లు గడ్డానికి ఆనించుకోవాలి. నేను దాన్ని నా సవతి అనేదాన్ని. ఆయన నవ్వి, దాని ఒంటి మీద దుమ్ము తుడుచుకునేవాడు.

మొన్న నవంబరులో ఆ సవతికి జబ్బు చేసింది. బ్రేకు తొక్కితే ఇనుము ఇనుముని గీకినట్టు చప్పుడు. చక్రాలు విప్పించి చూస్తే ప్యాడ్లు అరిగిపోయి అడుగు రేకు తేలింది. ఆ ప్యాడ్లు పట్టుకునే డిస్కులు కూడా గాడులు పడి, పలచబడి, అంచున గట్టు కట్టాయి. రెండూ మార్చాల్సిందే. మామూలు మనిషైతే కారుతో వచ్చిన రకమే మళ్లీ తెప్పించి వేయించుకుని, ఆ సాయంత్రం ఇంకో పని చూసుకుంటాడు. మా ఆయన మాత్రం ఇంటి ఆడపిల్లకి సంబంధం వెతికినట్టు వెతికాడు.

అన్నం తింటున్నా ఫోన్లో డిస్కులే. నున్నటివి, చిల్లులున్నవి, గీతలున్నవి. ప్యాడ్లలో కూడా జాతులున్నాయట. రోడ్డు మీద తిరిగే కార్లవి తొక్కగానే పడతాయి గానీ, మరీ వేడెక్కితే పట్టు జారుతుంది. పందేల కార్లవి ఎంత వేడినైనా తట్టుకుంటాయి గానీ, చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా పట్టవు. ఇదంతా పప్పులో చెయ్యి ఆపి మరీ నాకు వివరించాడు.

"అంటే కాలని పెనం మీద అట్టు పోసినట్టన్నమాట" అన్నాను.

"సరిగ్గా సెప్పీసినావు. నా క్లాసులో కూకోవలసినదానివి."

"మరి మన రాజాం రోడ్ల మీద నీ పెనం ఎప్పుడు కాలతాది?"

ఆ మాటతో ఆ పూటే నున్నటి డిస్కులు, రోడ్డు ప్యాడ్లు ఖాయం చేసుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను. మర్నాడు విశాఖ నుంచి యుగంధర్ ఫోన్ చేశాడు. ఆదివారాలు కార్లేసుకుని అరకు ఘాట్‌కి పోయే బృందంలో అతనొకడు. "నున్నటి డిస్కులా మాస్టారూ? ఆటోకి వేయిస్తున్నారా?" అన్నాడట. అంతే, మా ఆయన నలుగురితో నారాయణా అనేశాడు. చిల్లుల డిస్కులు, పందేల ప్యాడ్లు వచ్చాయి. విజయనగరంలో గోపి షెడ్డులో వేయించుకుని వచ్చాడు. కారు చక్రాల్లోంచి ఆ చిల్లుల డిస్కులు తళతళలాడుతూ కనబడుతుంటే వంగి వంగి చూసుకున్నాడు.

"పొద్దున్న చల్లగున్నప్పుడు ఎలాగ?" అని అడిగాను.

"రెండు మైళ్లు మెల్లగా పోతే అదే వేడెక్కుతాది. నడిపేది నానే కదా ఈశ్వరీ."

ఇక్కడ మా మావయ్య గురించి చెప్పాలి. జగన్నాధం గారంటే రాజాం దగ్గర పల్లెలో వరి పండించే మనిషి. కొడుకు లెక్చరరయ్యాడని సంతోషమే గానీ, ఆ కారు మాత్రం ఎక్కేవాడు కాదు. "అందులో కూకుంటే నేల మీద సతికిలబడ్డట్టుంటాది. పైసొమ్ములు మేసినోడి బండిలాగున్నాది" అనేవాడు. నాన్న ఒక్కసారి పక్కన కూర్చుంటే చాలని మా ఆయనకి లోపల పెద్ద ఆశ. బయటికి చెప్పేవాడు కాదు గానీ, ఊరికెళ్లిన ప్రతిసారీ తండ్రి కోసం ముందు సీటు ఖాళీగా ఉంచి నన్ను వెనక్కి తోసేవాడు.

డిసెంబరులో ఒక శనివారం ఊరెళ్లి ఆ రాత్రి అక్కడే పడుకున్నాం. ఆదివారం పొద్దున్న పంటి నొప్పి మావయ్య పంతాన్ని లొంగదీసింది. దవడ వాచిపోయింది. రాజాంలో పంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, బస్సు వెళ్లిపోయింది. తలపాగా సరిచేసుకుంటూ వచ్చి ముందు సీట్లో కూలబడ్డాడు. మా ఆయన మొహం చూడాలి. తొలిసారి బడికి వెళ్తున్న పిల్లాడి మొహం.

అవి నూర్పుల రోజులు. మా వైపు ఆ రోజుల్లో రోడ్డు సగం బండ్లది, సగం ధాన్యానిది. రాత్రి కుప్ప చేసి పరదా కప్పుతారు, పొద్దున్నే పరిచి నెరుపుతారు, చుట్టూ రాళ్లు పేరుస్తారు. అందరూ అలాగే ఎండబెడతారు. మావయ్య ధాన్యం కూడా ఆ రోడ్డు మీదే, ఊరవతల బడి దాటాక ఉంది.

మంచు ఇంకా పూర్తిగా విడలేదు. ఇంటి నుంచి బయలుదేరి అరమైలు కూడా రాలేదు. మెల్లగా పోతానన్న మనిషి తండ్రికి కారు పరుగు చూపించాలని కాలు నొక్కాడు. కల్వర్టు మలుపు తిరగ్గానే ఎదురుగా ఆటో. మా వైపు కొంచెం దూరంలో ధాన్యం, దాని మధ్యలో చెక్కతో గింజలు నెరుపుతూ దాలమ్మ. ఆయన బ్రేకు తొక్కాడు. కారు వినలేదు. పందొమ్మిది రకాల ప్యాడ్లు చూసి ఏరుకున్న బ్రేకు, తొక్కితే చెక్కముక్క తొక్కినట్టే ఉంది. "పట్టు, పట్టు" అని ఆయన గొణగడం వెనక నుంచి నాకు స్పష్టంగా వినబడింది. అప్పటికింకా మేము ధాన్యం మీదికి రానే లేదు.

తర్వాత వచ్చాం. చక్రాల కింద గింజలు జారాయి, కారు పక్కకి తిరిగి కుప్పలోకి దూసుకుపోయి ఆగింది. దాలమ్మ పక్కకి దూకింది గానీ, తను పేర్చుకున్న రాళ్ల మీదే పడింది. చెయ్యి విరిగిన చప్పుడు నాకు వినబడలేదు. మణికట్టు ఉండాల్సిన తీరులో లేదని మాత్రం కనబడింది. సగం ధాన్యం పక్కనున్న మురుగు గుంటలో పడింది.

ఆ ధాన్యం ఆమె కౌలు పొలంలో పండింది. ఏడాది తిండి. మొగుడు పోయాక ఒక్కతే చేసుకుంటోంది. మావయ్యని బావా అని పిలుస్తుంది, వరస కలిపిన పిలుపు. ఊడ్పులకి మా పొలానికీ వచ్చేది.

నిమిషంలో జనం చేరారు. అప్పలసూరి అని పంచాయతీలో తిరిగే మనిషి కారు చుట్టూ తిరిగి, గీతలు పడ్డ రంగు మీద చెయ్యి పెట్టి చూశాడు. "రోడ్డు మీద పొయ్యొద్దని ఎన్నిమార్లు సెప్పినాం? ఎవులైనా ఇన్నారా? బాబు కారు సూడు ఎలగైపోనాదో" అన్నాడు. ఆమె చెయ్యి వేలాడుతుంటే ఈయనకి కారు కనబడింది. మిగతావాళ్లూ వంత పాడారు. వాళ్లందరి ధాన్యమూ ఆ రోడ్డు మీదే ఉంది.

అప్పుడు అందరూ మావయ్య వైపు చూశారు. ఆయన కారు దిగాడు. ఒకసారి కొడుకుని చూశాడు. కొడుకు స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మావయ్య వాచిన దవడ పట్టుకుని దాలమ్మ మీద అరిచాడు.

"నీకు బుద్ధున్నాదేటే దాలమ్మా? మలుపులో పోస్తారేటి ఎవులైనా? గింజల మీద సెక్రం జారదేటి? నా కొడుకు సచ్చిపోతే ఎవులిస్తారే?"

ఆమె విరిగిన చేతిని కొంగులో చుట్టుకుంటూ లేచి నిలబడింది. "తప్పైపోనాది బావా. బుద్ధి తక్కువై పోసినాను. బాబుకేటీ తగల్నేదు కదా?" అంది. కారు దగ్గరికి వచ్చి, అద్దంలోంచి మా ఆయన్ని తొంగి చూసింది. "బయపడిపోనావా నాయనా" అంది.

మా ఆయన నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు. ఎవరో ఆటోలో ఆమెని ఆసుపత్రికి తీసుకెళ్లారు. కారుని గింజల్లోంచి వెనక్కి తీసి మేమూ బయలుదేరాం. రాజాం చేరేసరికి బ్రేకులు ఎంత బాగా పడుతున్నాయంటే, కాలు ఆనిస్తే చాలు, బండి ముక్కు నేలకి వంచి ఆగుతోంది.  మావయ్య పన్ను పీకించుకుని, నోట్లో దూది పెట్టుకుని, తిరుగు బస్సెక్కి వెళ్లిపోయాడు. కారు ఎక్కలేదు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు.

"సెప్పు. బ్రేకు పట్టనేదని ఆమెకి సెప్పు. నీకు తెలిసే వేయించినావు కదా."

"ఇప్పుడు సెప్తే ఏటవుతాది? చెయ్యి అతుక్కుంటాదేటి? అందరూ ఆమెదే తప్పన్నారు. నాన్న కూడా అన్నాడు."

"మావకి తెలీదు."

"తెలీకపోతేనే మంచిది" అన్నాడు, గోడకేసి తిరిగి పడుకుంటూ.

చదువుకున్నవాడి సిగ్గు చూడాలంటే ఆ వీపు చూడాలి. నా మొగుడని చెప్పుకోవడానికి ఆ రాత్రి నాకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆయన్ని అన్ని మాటలన్నాక నా వంతు వచ్చింది. నాకు మాత్రం నోరు లేదా? పెనం, అట్టు అని వెక్కిరించడానికి లేచిన నోరు రోడ్డు మీద ఏమైంది? జనంలో మొగుడి పరువు తియ్యకూడదని మూసుకుంది. దాలమ్మ పరువు తీస్తుంటే చూస్తూ కూర్చుంది.

ఆ వారంలోనే ఆయన మళ్లీ గోపి షెడ్డుకి పోయి, నున్నటి డిస్కులు, రోడ్డు ప్యాడ్లు వేయించాడు. "ఇయ్యి అరగనే నేదు కదండీ, ఎందుకు మార్సేత్తన్నారు?" అని గోపి అడిగితే, కిచకిచమని చప్పుడొస్తోందని చెప్పాడు. పక్కనే ఉండి విన్నాను. దొంగకి తేలు కుట్టినట్టు ఉన్నాడు. చల్లగా ఉన్నా తొక్కగానే ఆగే బ్రేకులతో ఇంటికొచ్చాం. 

తర్వాతి ఆదివారం ఊరెళ్లాం. కల్వర్టు మలుపు దగ్గర ధాన్యం లేదు. బడి దాటాక మావయ్య ధాన్యమూ లేదు. ఇంటికి వెళ్తే ఆయన మేడ మీద గింజలు నెరుపుతున్నాడు. ఒక్కడే బస్తాలన్నీ మెట్ల మీదుగా మోసుకున్నాడట.

"రోడ్డు మీద పొయ్యనేదేటి మావా?" అని అడిగాను.

"ఆ దాలమ్మని అన్ని మాటలని, నాను మల్లీ ఏ మొకం పెట్టుకుని పోస్తానమ్మా" అన్నాడు.

అది విని మా ఆయన గింజల అంచున కూలబడ్డాడు. 

"నాన్నా, ఆ రోజు తప్పు గింజలది కాదు. బ్రేకే పట్టనేదు. చల్లగున్నప్పుడు పట్టవని తెలిసే వేయించినాను. గొప్పకి."

మావయ్య కాళ్లతో గింజలు తోస్తూనే ఉన్నాడు.

"తెలుసురా."

"ఎలగ?"

"పక్కన కూకున్నాను కదా. గింజలు రాకముందే నీ కాలు అడుగంటా నొక్కీసినావు. బండి ఆగనేదు. ప్యాడ్లో ఏటో నాకు తెలీదు గానీ, నీ కాలు సూసినాను."

"మరి ఆమెనెందుకు తిట్టినావు?"

అప్పుడు ఆగి కొడుకు వైపు తిరిగాడు. "నువ్వు సెప్తావని తిట్టినాను. అంత అన్యాయం నాను మాటాడతంటే నువ్వు ఓర్సుకోనేవనుకున్నాను. దిగొచ్చి, నాన్నా తప్పు నాదే అంటావనుకున్నాను." గింజలకేసి చూశాడు. "ఓర్సుకున్నావు."

మా ఆయన ఏడిచాడు. నేను దగ్గరికి వెళ్లలేదు. ఏడవాల్సిన ఏడుపు అది. కాసేపటికి లేచి, మొహం కడుక్కుని, "దాలమ్మ పిన్ని ఇంటికి ఎల్దాం" అన్నాడు. కారు తియ్యలేదు. ముగ్గురం నడిచి వెళ్లాం. బయలుదేరేటప్పుడు మావయ్య ఒక ధాన్యం బస్తా భుజానికెత్తుకోబోతే మా ఆయన లాక్కుని తన భుజం మీద పెట్టుకున్నాడు.

దాలమ్మ వాకిట్లో ఉంది. చేతికి పిండికట్టు. ఒంటి చేత్తో చేటలో బియ్యం చెరగబోయి, సగం కింద పోసుకుంటోంది. మమ్మల్ని చూసి గాభరాగా లేచి, పీటలు వాల్చబోయింది.

"రా నాయనా. కారు బాగైనాదా? నానిప్పుడు అందరికీ సెప్తన్నాను, రోడ్డు మీద పొయ్యకండర్రా, నాలాగ ఎవుల పేనానికో తెస్తారు అని. నా మాట ఇని కల్వర్టు కాడ తీసీసినారు" అంది.

"పిన్నీ" అన్నాడు మా ఆయన, భుజం మీద బస్తాతోనే. "తప్పు నీది కాదు. నీ గింజల దాకా రాకముందే నా బండి బ్రేకు పట్టనేదు. అది పట్టదని నాకు ముందే తెలుసు. ఆ రోజు సెప్పడానికి సిగ్గేసి, నిన్ను తిట్టనిచ్చినాను."

ఆమె చేట కింద పెట్టింది.  కోపం వస్తుందని, తిడుతుందని చూశాం. తిడితే బాగుండునని నాకనిపించింది. ఆమె మావయ్య వైపు తిరిగింది.

"నీకు తెలుసా బావా?"

మావయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. తల ఊపాడు.

తర్వాత నా వైపు చూసింది. "కోడలా, నువ్వూ ఉన్నావు కదా వెనకాల. నీకు?"

"తెలుసు" అన్నాను. 

ఆమె కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో ఒళ్లోకి తీసుకుని, గుమ్మం మీద కూర్చుంది.

"అయితే అందరికీ తెలుసు" అంది. "తప్పు నాదని నమ్మినదాన్ని నానొక్కదాన్నేనేటి?"