ఎడమ దవడ

ఆదివారం ఆరాధన ముగిసేసరికి చర్చి వరండాలో బల్ల, రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఊరి ఆరోగ్య కేంద్రంలో కొత్తగా చేరిన నర్సమ్మ లిడియా, ముప్పై దాటిన వాళ్ళందరికీ బీపీ, సుగరు చూస్తానంటే పాస్టరు గారు సరేనన్నారు. రోగం వచ్చాక కాదు, రాకముందే చూసుకోవాలట.

ఇమ్మానుయేలు దర్జాగానే కూర్చున్నాడు. పొద్దస్తమానం గునపం మీద కొబ్బరికాయలు వలిచే ఒంటికి సుగరేమిటి, బీపీ ఏమిటి? అనుకున్నట్టే రెండూ బాగున్నాయి. పక్కన నిలబడ్డ భార్య పుష్పలత వైపు, చూశావా అన్నట్టు కళ్ళెగరేశాడు. లేవబోతుంటే లిడియా టార్చి తీసింది.

“ఉండండి బాబాయ్ గారూ. నోరు కూడా చూడాలి. పెద్దగా తెరవండి.”

నోరు చూస్తారని ఎవడు చెప్పాడు? తెలిస్తే ఆమెన్ అవగానే అటునుంచటే జారుకునేవాడు.

తెరిచాడు. సగంలో ఆగిపోయింది.

“ఇంకాస్త తెరవండి. మూడు వేళ్ళు నిలువుగా పెట్టండి, పడతాయేమో చూద్దాం.”

రెండు వేళ్ళే దూరాయి. మూడోది పళ్ళ దగ్గరే మిగిలిపోయింది.

“పాటలప్పుడు రేకులెగిరిపోయేలా అరుస్తావు గదరా! ఇప్పుడేం బిడియమొచ్చింది?” వెనక వరసలోంచి సంఘ పెద్ద రాజేంద్రప్రసాద్ మాస్టారు అన్నారు. అందరూ నవ్వారు.

“గుట్కా, ఖైనీ ఏమన్నా అలవాటుందాండీ?” అడిగింది లిడియా.

మాస్టారే అందుకున్నారు. “అదేంటమ్మా, మానేసేడుగా! కొత్త సంవత్సరం ఆరాధనలో ముందుకొచ్చి సాక్ష్యం చెప్పేడు, గుట్కా నుంచి ప్రభువు విడిపించేడని. మేమంతా చప్పట్లు కొట్టేం కూడాను.”

“ఆయ్,” అన్నాడు ఇమ్మానుయేలు. అంతకంటే పెద్ద మాట ఆ నోట్లోంచి రాలేదు.

అయిదో తరగతితో బడి వదిలేసిన మనిషి. జన్మలో అతనికి ఎవరైనా చప్పట్లు కొట్టింది ఆ ఒక్కసారే. నిజంగానే మానాడు, కొన్నాళ్ళు. ఆ తర్వాత పీచు కుప్పల చాటున మళ్ళీ మొదలెట్టాడు. విడుదలయ్యానని సాక్ష్యం చెప్పడానికి ఆరాధనలో సమయం ఇస్తారు. మళ్ళీ పడ్డానని చెప్పడానికి ఎవరిస్తారు?

“కారం తింటే మండుతుందాండీ?”

ఈసారి పుష్పలత పలికింది. మొగుడి తరఫున సాయం చేస్తున్నాననే అనుకుంది పాపం.

“మండుతుందంటారండి. కానీ అది నా వంట తప్పండి. ఎంత తగ్గించినా కారమే అంటారు. కారం కొనే కొట్టు కూడా మార్చేను. ఇప్పుడసలు వెయ్యడమే మానేసేను. అయినా తినలేకపోతున్నారండి.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఇమ్మానుయేలు మాత్రం తలెత్తలేదు. మామిడికుదురు నుంచి బావమరిది వచ్చిన రోజు, అతని ఎదుటే చేపల పులుసు కంచం తోసేశాడు. “ఇది మనుషులు తినేదేనా? మీ అమ్మ నేర్పిందిదేనా?” అన్నాడు. పుష్పలత వంటింట్లోకి వెళ్ళి పులుసు వేలితో నాకి చూసి, మళ్ళీ చూసి, ఏమీ పాలుపోక అలాగే నిలబడిపోయింది. అప్పటికే అతనికి తెలుసు. ఎడమ దవడ లోపల నాలికకి గరుగ్గా తగులుతూనే ఉంది. తెలిసే, నేరం కూర మీదకి తోశాడు.

లిడియా టార్చి ఆర్పి గొంతు తగ్గించింది. “ఎడమ దవడ లోపల తెల్లగా మచ్చుందండి. చుట్టూ గట్టిపడింది. ఇది క్యాన్సరని నేననట్లేదు. కానీ ఇలాంటివాటిల్లో కొన్ని అలా మారతాయి. అమలాపురం ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి చూస్తారు. వాళ్ళకి నిజం తెలియాలి బాబాయ్ గారూ. ఇంకా వేస్తున్నారా?”

గొంతు తగ్గించినా అంత చిన్న వరండాలో వినపడనిదేముంది? లేదని చెప్తే సాక్ష్యం నిలుస్తుంది. దవడలో మచ్చా నిలుస్తుంది.

“వేస్తున్నానండి,” అన్నాడు. “మానలేదు.”

మాస్టారు బైబిలు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని వీధి వైపు చూశారు. తిట్టినా బాగుండేది.

“ఈ వారంలోనే వెళ్ళాలండి.”

“ఆయ్, వెళ్తానండి.”

కుర్చీలోంచి లేచాడు. ఆడవాళ్ళ వరస ఇంకా మొదలు కాలేదు. అయినా పుష్పలత కొంగు సర్దుకుని వచ్చి అదే కుర్చీలో కూర్చుంది. అతని వైపు చూడలేదు.

“నా నోరు కూడా చూడమ్మా,” అంది. “ఇన్నాళ్ళూ నా నాలికే చచ్చిపోయిందనుకున్నాను. చప్పిడి కూర పెడితే ఆయన కారమంటుంటే, నాకే ఏదో జబ్బు చేసిందనుకున్నాను.”

నోరు బార్లా తెరిచింది. లిడియా లోపలంతా తిప్పి తిప్పి చూసింది.

“మీకేమీ లేదండి పిన్ని గారూ. నాలిక శుభ్రంగా ఉంది.”

“ఆ మాట కొంచెం గట్టిగా చెప్పమ్మా.”

లిడియా గట్టిగా చెప్పింది. వరండా అంతా వింది. మెట్ల కింద చెప్పులు వెతుక్కుంటున్న ఇమ్మానుయేలు వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.