కొండకేసి చెప్పిన మాటలు

పటకారు కొత్తదేం కాదు, కమ్మరి గంగులు గోనెగుడ్డలో చుట్టి మోకాళ్ళ కింద దాచుకున్నా కొసన తుప్పు కనబడుతూనే ఉంది, దాంతోనే కదా వాడు ఎద్దుల నాడాలు పీకేది, ఇప్పుడదే తన కోడలి నోట్లో పెడతాడా అనుకుంటూ జగ్గమ్మ చావడి మెట్టు మీద కూచుంది, చిల్లంగి పెట్టినదాని ముందుపళ్ళు పీకేస్తే ఇక దాని నోట మంత్రం తిరగదని ఊరి నమ్మకం, తనూ చిన్నప్పట్నుంచీ నమ్మిందే, కానీ ఈ పిల్ల నవ్వితే ముందు పళ్ళే నవ్వుతాయి, జపానోళ్ళతో యుద్ధం అయ్యాక కొడుకు జగన్నాథం మిలట్రీ బట్టల్లో సైగాన్ నుంచి దిగితే వెనకాలే దిగింది, లాన్ అట పేరు, నోరు తిరక్క ఊరంతా సైగాన్ పిల్ల అంటారు, వచ్చిన పిల్ల ఊరుకోవచ్చుగా, పొద్దు వాలేసరికి కళ్ళం గట్టెక్కి కొండలకేసి తిరిగి పెదాలు కదుపుతుంది, ఏడుస్తుంది, ఏటే అమ్మా అంటే కళ్ళు తుడుచుకుని నవ్వేస్తుంది, అది పక్కింటి తవిటమ్మ కళ్ళ పడింది, ఆ వారంలోనే దాని గేదె పాలు చేపడం మానేసింది, వెనకే మనవడికి జ్వరం, ఇంకేముంది, గోరంత కొండంతయి చావడికెక్కింది.

ఒరే జగన్నా, అదేటి సదువుతాదో నువ్వే సెప్పు, దాసీకు, అంటున్నాడు మునసబు నరసింగరావు, చెప్పరా నాయనా, బాగా చెప్పు, ఏదైనా దేవుడి పేరుంటే ముందది చెప్పు, అని జగ్గమ్మ లోపల్లోపల మొక్కుకుంటోంది, లాన్ కొండలకేసి తిరిగి మెల్లగా అంటుంటే వాడు చెమటలు కక్కుకుంటూ తెలుగులో చెబుతున్నాడు, పొద్దు గూకింది, ఏట్లో పడవ ఉన్నాది, పడవోడు లేడు, గట్టవతల పొగ లెగుస్తంది, కొంగెగిరిపోనాది, అంతే మావా, అంతేనేటిరా, పొగకీ కొంగకీ ఏడుపేటి, అని మునసబు, గట్టవతల పొగంటే నా ఇల్లేగదా బాబూ, పిల్లడి మీద పెట్టీసింది, అని తవిటమ్మ గుండెలు బాదుకుంటోంది, దాన్ననడానికి లేదు, మనవడు ఒళ్ళో కాలిపోతున్నాడు, కాదు మావా, అవి ఆ దేశం పాత పద్దేలు, ఈళ్ళ నాన్న బడిపంతులు, ఆయనే నేర్పినాడు, రాజు పనికి దూరాబారం పోయినోళ్ళు కట్టినవి, ఇల్లు గేపకమొచ్చిందని ఎక్కడా అనరు, కొండ సెప్తారు, ఏరు సెప్తారు, ఊరుకుంటారు, ఇన్నోడికే తెలవాల, అన్నాడు వాడు, విన్నవాడు ఒక్కడూ లేడు, గంగులు గోనెగుడ్డ విప్పుతున్నాడు.

ఊరుకుంటారు, ఊరుకుంటారంటే, ఈ మాట తనకెక్కడో తెలుసు, ఆ కళ్ళం గట్టే, ఆ పొద్దు వేళే, బారువ దగ్గర సముద్రపొడ్డు పల్లె నుంచి తను కాపురానికొచ్చిన ఏడు, తూర్పుకి తిరిగి కూచుంటే చింతచెట్లే గానీ సముద్రమేదీ, దీపాలవేళ కోడలు కన్నోరి పేరెత్తితే అత్తింటికి అరిష్టమని అత్త లక్ష్మణమ్మ కట్టడి, అందుకని అమ్మ అనలేదు, మా ఊరనలేదు, మొగలిపొద, ఉప్పుగాలి, ఇసకలో పీత, అదే మళ్ళీ మళ్ళీ, ఏటే ఆ గొణుగుడని అత్త కసిరితే పీతల గురించత్తా అంది, అయ్యో, అయ్యో నా తల్లీ.

ఎప్పుడు లేచిందో తనకే తెలీదు, గంగులుకీ పిల్లకీ మధ్య నేల మీద చతికిలబడి తూర్పుకి తిరిగి, మొగలిపొద, ఉప్పుగాలి, ఇసకలో పీత, అంది ఊరంతా వినేటట్టు, ఏటక్కా నీకూ పట్టిందేటి అన్నాడు మునసబు, పట్టింది నరసింగా, కాపురానికొచ్చిన్నాడే పట్టింది, ఇది సిల్లంగైతే నాదీ సిల్లంగే, దీనికి పీకితే నాకూ పీకండి, ఉన్నవి నాలుగు పళ్ళు, ఒరే ఇది బెంగర్రా, బెంగ, అంది, చావడి వెనక నుంచున్న కోడళ్ళలో ఎవత్తో వెక్కింది, తవిటమ్మ మనవణ్ణి గుండెకి హత్తుకుని తల దించుకుంది, గంగులు ఎవరూ చెప్పకుండానే గోనెగుడ్డ చుట్టేశాడు, లాన్‌కి ఒక్క ముక్కా తెలియలేదు, అయినా అత్త చూస్తున్న వైపే చూస్తూ ఆమె చెయ్యి పట్టుకుంది, అక్కడ చింతచెట్లు తప్ప ఏమీ లేవు, సముద్రం మీద బెంగ ఎప్పుడో తీరిపోయిందనుకుంది జగ్గమ్మ ఇన్నేళ్ళూ, తీరలేదు, చెప్పుకోవడం మానేసిందంతే.