సీట్లమ్మ బండి

సీట్లమ్మ తలుపు గట్టిగా లాక్కుని బండిలో చీకట్లో కూర్చుంది. బయట ఎండ మండిపోతోంది. లోపలికి సూదిమొనంత వెలుగు వచ్చినా చాలు, రాళ్లదారిలో ఆ సందులోంచే దుమ్ము దూరుతుంది. ఒక్కో మూలా వెతికింది. నెత్తి మీద ఒకచోట చుక్కలా మెరిసింది. వేలుపెట్టి మూసింది.

"పైపు పట్టండి, సరిగ్గా నా వేలున్న చోట!"

"నీ వేలు నాకెక్కణ్ణించి కనపడుతుందే?" అన్నాడు బయటినుంచి మేస్త్రి, ఆమె భర్త.

లోపలినుంచి టకటకా కొట్టింది. నీళ్లు రేకు మీద దబదబా పడ్డాయి. ఒక చుక్క జారి ఆమె ముక్కు మీద పడింది. దొంగ దొరికినంత సంబరపడింది.

పొట్టి మనిషి. తోలుసూది పట్టీ పట్టీ కుడి చూపుడువేలు పక్కకి వంగిపోయింది. బస్సుల షెడ్డులో చిరిగిన సీట్లకి తొడుగులు కుట్టడంలోనే ఆమె వయసంతా గడిచింది. అసలు పేరు పట్టుకుని పిలిచేవాళ్లే లేకుండా పోయారు. ఎన్ని సీట్లు కుట్టినా వాటి మీద తను కూర్చున్నది కుట్టు సరిగ్గా పడిందో లేదో చూడ్డానికే.

పాత తొడుగు విప్పితే సందుల్లో ఏవేవో దొరికేవి. ముళ్ల గింజలు, నల్లటి ఇసుక, నీలంరంగు ఈక ముక్క, ఒకసారి గోరంత గవ్వ. "ఇదెక్కడిది?" అని డ్రైవర్లని అడిగేది.

"కొండ అవతల మట్టిరోడ్డు లేదూ, అక్కడ కాసేపు ఆపుతాం."

"అక్కడేముంది?"

"ఏముంటుంది సీట్లమ్మా, ఏమీ ఉండదు."

ఏమీ లేని చోటినుంచి ఇన్ని ఎలా వస్తాయో ఆమెకి అంతుపట్టేది కాదు.

ఉద్యోగం అయిపోయాక, మొక్కల తోటకి జీపు నడిపే ఆడపడుచు ఒక పాత ఇరుసు తెచ్చి పెరట్లో పడేసింది. "వదినా, దీంతో ఏమన్నా చేద్దామా?" అంది. వదిన అప్పటికే దాని చుట్టూ తిరుగుతోంది. ఇరుసు మీద చట్రం అతికించారు. రాళ్లు తగలకుండా ఎత్తు పెంచారు. పైన ఇద్దరు పడుకునేంత చెక్కగది కట్టి రేకు తొడిగారు. వెనక రేకు ఎత్తి లాగితే పొయ్యి సొరుగులా బయటికొస్తుంది. మొదటిసారి వీధి చివరిదాకా లాగి చూసినప్పుడు ఆ సొరుగు దానంతటదే తెరుచుకుంది, గిన్నెలన్నీ ఊరేగాయి. ఒక మూత కాళ్ల దగ్గరికి దొర్లుకొస్తే ఎదురింటాయన తీసిచ్చాడు. "ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కట్టి లాక్కుపొమ్మన్నారటమ్మా!" అన్నాడు. వదినా ఆడపడుచూ అప్పుడే సొరుగుకి గడియ పెట్టే సంగతి మాట్లాడుకుంటున్నారు.

మేస్త్రికి బస్సెక్కితేనే కడుపులో తిప్పుతుంది. ఆయన కట్టినవేవీ కదలవు. "కదిలేదాన్ని ఇల్లంటారా?" అని సణుగుతూనే పైపు పట్టాడు, పలకలు పట్టుకున్నాడు, చివరికి లోపలి పరుపుకి మట్టం కూడా చూసిపెట్టాడు.

కారినచోట రబ్బరుపట్టీ అతికించి మళ్లీ నీళ్లు కొట్టారు. ఈసారి రాలేదు. మధ్యాహ్నానికి ఆడపడుచు జీపు వెనక్కి పెట్టి బండి తగిలించింది. మెల్లగా ముందుకి లాగింది. గేటు దగ్గర కిర్రుమంది.

పోయినవారం పెద్ద చక్రాలు బిగించారు. అవి ఇరుపక్కలా పొడుచుకొచ్చాయి. గేటు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆడపడుచు దిగి చూసింది. "ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. మనం ఇంట్లోనే ఓడిపోయాం వదినా," అంది. "పాత చక్రాలేసి వీధిలోకి తీశాక మళ్లీ ఇవి బిగిద్దాం."

సీట్లమ్మ గేటు పక్క గోడ వైపు చూసింది. పెళ్లైన ఏడు మేస్త్రి తనకోసం కట్టుకున్న మొదటి గోడ అది. పాత చక్రాల కోసం పెరటివైపు నడిచింది.

వెనక దబ్బున చప్పుడైంది. మేస్త్రి సమ్మెట దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ ఎత్తాడు.

"ఏమండీ! చక్రాలు మార్చుకుంటాం కదా!"

"మరి వచ్చేటప్పుడో? వీధిలో నిలబడి మళ్లీ మారుస్తారా?" అన్నాడు. ఇటుకలు రాలాయి. వాటిలో చెక్కుచెదరనివి ఏరి పక్కన పేర్చాడు.

దుమ్ము అణిగాక ఆమె పైటతో ఆయన మొహం తుడిచింది. "మీరూ రాకూడదూ?"

"నాకు నిద్ర పట్టాలంటే కింద పునాది ఉండాలే." సమ్మెట గోడకి ఆనించి అడిగాడు, "ఆ కొండ అవతల ఏముందో చూసొచ్చి చెప్తావా?"

"ఏమీ ఉండదట," అంది నవ్వుతూ. "అదే చూడాలని."

జీపు కదిలింది. బండి గోడ సందులోంచి అటూ ఇటూ తగలకుండా బయటపడి, వీధి మలుపులో ఒకసారి ఊగి, కనుమరుగైంది. మేస్త్రి చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. తర్వాత పనిముట్లు సర్దుకోవడానికి వంగాడు.

ఆయన సంచి మీద బండి తలుపుకున్న రెండో తాళంచెవి ఉంది. పోకుండా దానికో ఎర్రటి రెక్సిన్ ముక్క కుట్టి ఉంది, దగ్గర దగ్గర కుట్లతో, బస్సు సీటుకి కుట్టినట్టే.